డేవిడ్ స్మిత్ శిల్పాల మీది రంగూ, రాపిడి గీతలూ శిల్పంలో భాగమే

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అమెరికన్ లోహ శిల్పి డేవిడ్ స్మిత్ గురించి వచ్చిన వ్యాసం చదివాం. తెలుగులో ఆయన గురించి రాసేవాళ్లే తక్కువ కాబట్టి ఆ వ్యాసం వేసినందుకు ముందుగా కృతజ్ఞతలు. అయితే అందులో మూడు విషయాలు సరిచేయాలి. ఆయన్ని ‘ఇనుప తుక్కుతో బొమ్మలు చేసిన కళాకారుడు’ అన్నారు. ఆయన చివరి ఏళ్లలో స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేసిన ‘క్యూబి’ వరుసలోని శిల్పం ఫొటో కింద ‘ఉక్కు దిమ్మెలు’ అని వేశారు. 1965లో ఆయన చనిపోవడంతో వ్యాసం ముగించారు. తుక్కు ఆయన పనిలో ఒక పాయ మాత్రమే. ఆ దిమ్మెలు లోపల డొల్ల. ఆయన పోయాక కొన్ని శిల్పాలకు జరిగిన నష్టం సంగతి చెప్పకపోతే ఆయన కథ సగమే చెప్పినట్టు. మేం వెల్డింగ్, శిల్పకళ బోధించేవాళ్లం. పనివాడి వైపు నుంచి చూస్తే స్మిత్ జీవితం ఎలా ఉంటుందో చెప్పాలని ఇది రాస్తున్నాం. ఉత్తరం పొడుగైంది, వీలైనంత మేర ప్రచురించగలరు.

స్మిత్ 1906 మార్చి 9న ఇండియానా రాష్ట్రంలోని డెకాటర్‌లో పుట్టారు. తండ్రి టెలిఫోన్ ఇంజినీరు, తల్లి టీచరు. పూర్వీకుల్లో ఒకరు కమ్మరి పని చేసేవారని స్మిత్ చెప్పుకునేవారు. 1921లో కుటుంబం ఒహైయోలోని పాల్డింగ్‌కు మారింది. కాలేజీ చదువు సాగలేదు. ఒహైయో యూనివర్సిటీలో ఒక ఏడాది, నోటర్‌డామ్‌లో రెండు వారాలు, అంతే. 1925 వేసవిలో సౌత్‌బెండ్‌లోని స్టూడెబేకర్ కార్ల ఫ్యాక్టరీలో చేరి రివెటింగ్, స్పాట్ వెల్డింగ్ చేశారు. చేరింది కూలి డబ్బుల కోసమే. కానీ మందపాటి రేకుల్ని ఎలా పట్టాలో, ఎక్కడ బిగించాలో, వేడి తగిలితే రేకు ఎటు వంగుతుందో చేతికి తెలిసింది అక్కడే. శిల్పాలు చేయడం మొదలుపెట్టాక ఆయనకు పనికొచ్చింది ఆ చేతి జ్ఞానమే.

1926లో న్యూయార్క్ వెళ్లారు. ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో పెయింటింగ్ నేర్చుకున్నారు. 1927లో తోటి కళాకారిణి డొరొతీ డేనర్‌ను పెళ్లాడారు. లీగ్‌లో యాన్ మతుల్కా దగ్గర క్యూబిజం పాఠాలు విన్నారు. ఆ తర్వాత చిత్రకారుడు జాన్ గ్రాహం చూపించిన ఫ్రెంచి కళా పత్రికల్లో పికాసో, హూలియో గొంజాలెజ్ చేసిన ఇనుప శిల్పాల ఫొటోలు చూశారు. స్మిత్‌కు ఫ్రెంచి రాదు. అయినా ఆ ఫొటోలు చూడగానే, తాను కార్ల ఫ్యాక్టరీలో చేసిన పనితోనే శిల్పం చేయవచ్చని అర్థమైంది. గొంజాలెజ్ కూడా గ్యాస్ వెల్డింగ్ నేర్చుకున్నది 1918లో పారిస్ దగ్గరి రెనో ఫ్యాక్టరీలోనే. పికాసోకు ఇనుప పనిలో సాయపడింది ఆయనే. అంటే వెల్డింగ్ శిల్పానికి మూల పురుషులైన గొంజాలెజ్, స్మిత్ ఇద్దరికీ కార్ల ఫ్యాక్టరీలే బడులు.

స్మిత్ తొలి వెల్డింగ్ శిల్పాలు 1933 నాటివి. అంతకు నాలుగేళ్ల ముందు, 1929లో, స్మిత్ దంపతులు న్యూయార్క్ రాష్ట్రంలో లేక్ జార్జ్ దగ్గరి బోల్టన్ ల్యాండింగ్‌లో పాత పొలం ఒకటి కొన్నారు. 1934లో స్మిత్ బ్రూక్లిన్ రేవు ఒడ్డున టెర్మినల్ ఐరన్ వర్క్స్ అనే ఇనుప షాపులో కొంత చోటు అద్దెకు తీసుకున్నారు. చుట్టూ పనివాళ్లు తమ పనులు చేసుకుంటుంటే ఒక మూల ఆయన శిల్పాలు చేసేవారు. కావలసిన ముక్కలు అక్కడే దొరికేవి, తెలియనిది అడిగితే చెప్పేవాళ్లూ అక్కడే ఉండేవారు. 1940లో బోల్టన్ ల్యాండింగ్‌కు మకాం మార్చి కొత్త వర్క్‌షాపు కట్టుకున్నప్పుడు దానికీ టెర్మినల్ ఐరన్ వర్క్స్ అనే పేరు పెట్టారు. ‘స్టూడియో’ అని ఎందుకు పిలవలేదో ఆలోచిస్తే ఆయన తనను తాను ఎవరనుకున్నారో తెలుస్తుంది.

గ్యాస్ వెల్డింగ్ శిల్పికి ఏం ఇచ్చిందో కాస్త వివరంగా చెప్పాలి. కంచు విగ్రహం చేయాలంటే ముందు మట్టి, తర్వాత మైనం, అచ్చు, పోత, చివర్న సానబట్టడం. మధ్యలో పోతపోసే షాపుకు డబ్బు కట్టాలి. మార్పు చేయాలంటే మళ్లీ మొదటికి వెళ్లాలి. గ్యాస్ వెల్డింగ్‌లో ఆక్సిజన్, ఎసిటిలీన్ వాయువులు కలిపి మండించే ఆక్సీ ఎసిటిలీన్ మంట వేడి 3,100 డిగ్రీల సెల్సియస్ పైచిలుకు. మెత్తని ఉక్కు కరిగేది 1,500 దగ్గర. కాబట్టి ఒకే మనిషి, ఒకే గంటలో ముక్క అతికించి, దూరం జరిగి చూసి, నచ్చకపోతే అదే మంటతో కోసి తీసేయవచ్చు. పెన్సిల్ గీతను చెరిపి మళ్లీ గీసినంత స్వేచ్ఛ శిల్పికి దొరికింది ఇక్కడే. కాకపోతే మంటను చదవడం రావాలి. ఆక్సిజన్ ఎక్కువైతే లోపలి మొన కురచై బుసకొడుతుంది, కరిగిన లోహం నురగెత్తి నిప్పురవ్వలు చిమ్ముతుంది, అతుకు పెళుసై చిన్న దెబ్బకే విరుగుతుంది. ఎసిటిలీన్ ఎక్కువైతే మొన చుట్టూ ఈకలాంటి తెల్లని పొర కనిపిస్తుంది, కార్బన్ ఉక్కులోకి ఎక్కి అతుకు గట్టిపడుతుంది. రెండూ సమంగా ఉన్నప్పుడు మొన గుండ్రంగా, స్పష్టంగా ఉంటుంది.

1937 నుంచి 1940 దాకా ఆయన చేసిన 15 కంచు పతకాల గురించి మీ వ్యాసంలో మాటే లేదు. యుద్ధాన్నీ, యుద్ధంతో లాభపడేవాళ్లనూ నిందిస్తూ చేసిన ‘అవమాన పతకాలు’ అవి. ప్లాస్టర్‌లో నగిషీని తిరగేసి చెక్కి, పళ్ల డాక్టర్లూ కంసాలులూ వాడే పనిముట్లతో మెరుగుపరిచి, తర్వాత కంచులో పోయించారు. వెల్డింగ్ మనిషికి ఇంత సన్నని పని కూడా వచ్చని చూపే ఉదాహరణ కాబట్టి చెబుతున్నాం.

1942 నుంచి 1944 దాకా షెనెక్టడీలోని అమెరికన్ లోకోమోటివ్ కంపెనీలో రాత్రి షిఫ్టుల్లో వెల్డర్‌గా పనిచేశారు. అక్కడ రైలింజన్లూ, సైన్యానికి ఎం-7 ఫిరంగి వాహనాలూ తయారయ్యేవి. స్మిత్‌కు ఆర్మర్ ప్లేటు (యుద్ధ వాహనాల కవచపు రేకు) వెల్డింగ్‌లో మొదటి తరగతి యోగ్యత ఉండేది. ఇది చిన్న సంగతి కాదు. ఆర్మర్ ప్లేటు గట్టి ఉక్కు. మామూలు వెల్డింగ్ రాడ్డుతో (కరిగి అతుకయ్యే కడ్డీ) వేస్తే అతుకు పక్కన గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి, వెంట్రుకంత పగులు వస్తుంది. రాడ్డు పూతలోని తేమ నుంచి వచ్చే హైడ్రోజన్, గట్టిపడిన ఉక్కు, బిగింపు, ఈ మూడూ కలిస్తే వచ్చే పగులు అది. అందుకే ఆ కాలంలో ఆర్మర్‌కు ఎక్కువగా స్టెయిన్‌లెస్ రాడ్లు వాడేవారు. మందపాటి ప్లేట్ల మీద గంటల తరబడి ఒకే తీరున అతుకు వేయడం అలవాటైన చేతికి తర్వాత తొమ్మిదడుగుల శిల్పం పెద్ద భారంగా అనిపించదు. ఆ అనుభవాన్ని మీ వ్యాసం ‘కొంతకాలం ఉద్యోగం చేశారు’ అనే ఒక్క ముక్కలో తేల్చేసింది.

1950లో గుగెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చింది, మరుసటి ఏడు దాన్ని పొడిగించారు. ఆ డబ్బుతో మొదటిసారి ఉక్కును దండిగా కొని నిల్వ చేసుకోగలిగారు. 1951లో వచ్చిన రెండు శిల్పాలు ఆయన్ని చిరస్థాయిగా నిలిపాయి. ఒకటి ‘హడ్సన్ రివర్ ల్యాండ్‌స్కేప్’. అల్బనీ, పొకీప్సీ మధ్య 75 మైళ్ల దారిలో రైలు కిటికీ పక్కన కూర్చుని గీసిన పదులకొద్దీ బొమ్మల నుంచి పుట్టింది. నది, గట్లు, పట్టాలు, మబ్బులు అన్నీ గాలిలో గీసిన ఇనుప గీతలయ్యాయి. రెండోది ‘ఆస్ట్రేలియా’. ఎత్తు రెండు మీటర్లు, వెడల్పు సుమారు 2.7 మీటర్లు, లోతు మాత్రం అరమీటరు కూడా లేదు. ఎదురుగా నిలబడితే విస్తారంగా కనిపించేది పక్కకు వెళ్తే సన్నని గీతగా మారిపోతుంది. శిల్పానికి మధ్యలో గట్టి ముద్ద ఉండి తీరాలన్న పాత నమ్మకం ఇక్కడ పక్కకు పోయింది.

తుక్కు గురించి. వ్యవసాయ పనిముట్ల ముక్కలతో చేసిన ‘అగ్రికోలా’ వరుస నిజంగానే పాత ఇనుముతో చేసింది. కానీ 1952లో మొదలైన ‘ట్యాంక్‌టోటెమ్’ శిల్పాల్లోని గుండ్రని పళ్లేలు తుక్కు కావు. బాయిలర్లకూ ట్యాంకులకూ రెండు చివరలా మూసే డిష్ ఎండ్లు అవి. ఫ్యాక్టరీలో ప్రెస్ మీద వంచి అమ్మే కొత్త సరుకు. వాటిని కొనితెచ్చి ఒకదాన్ని లోపలి వైపు, మరొకదాన్ని బయటి వైపు తిప్పి నిలబెట్టారు. ఒకటి నీడను పట్టుకుంటుంది, ఇంకొకటి వెలుగును తోస్తుంది. 1955 నాటి ‘ఫోర్జింగ్’ వరుస ఇండియానాలోని బ్లూమింగ్టన్‌లో పవర్ హ్యామర్ కింద సాగగొట్టిన నిలువు కడ్డీలు. వాటిలో వెల్డింగ్ దాదాపు కనిపించదు. తుక్కు, కొత్త సరుకు, సమ్మెట పని, ఏది ఎక్కడ కుదురుతుందో దాన్ని అక్కడ వాడారు.

ఆయన పని పద్ధతిలో విద్యార్థులకు మేం తప్పక చూపించేది నేల. వర్క్‌షాపు నేల మీద తెల్ల రంగు వేసిన చోట ముక్కలు పరిచి, అటూ ఇటూ జరిపి, కూర్పు కుదిరాక టాక్ (తాత్కాలికపు చిన్న అతుకు) కొట్టి, అప్పుడు లేపి నిలబెట్టేవారు. కాలిన చోట నేల మీద నల్లని అచ్చులు మిగిలేవి. ముక్కలు తీసేశాక మిగిలిన ఆ ఖాళీ ఆకారాలు 1950ల చివర్లో స్ప్రే బొమ్మలకు దారి తీశాయి. ఇనుప ముక్కలు కాగితం మీద పెట్టి రంగు చిమ్మి, ముక్కలు తీస్తే తెల్లగా ఆకారం మిగులుతుంది. ఈ పద్ధతికి ఒక చిక్కుంది. పడుకోబెట్టి కూర్చింది నిలబెడితే బరువు మారుతుంది. నేల మీద బాగున్న టాక్ నిలబెట్టగానే విరగవచ్చు. అందుకే లేపకముందే కింది అతుకులకు రెండు వైపులా పూర్తి వెల్డింగ్ వేయాలి, పై ముక్కలకు తాత్కాలికంగా యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుప కడ్డీ) ఊతం ఇవ్వాలి.

ఇప్పుడు రంగు. స్మిత్ మొదట చిత్రకారుడని మరవకూడదు. ఉక్కుకు తుప్పు పట్టకుండా ఎలాగూ పూత వేయాలి, వేసేటప్పుడు రంగే వేస్తే పోలేదా అన్నది ఆయన వాదన. 1960ల్లో తన పద్ధతిని ఆయనే వివరించారు. ముందు ఉక్కును పచ్చి లోహం కనిపించేదాకా గ్రైండ్ చేయాలి, తర్వాత సుమారు 15 పూతలు ఎపాక్సీ ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత), కొన్ని పూతలు జింకు, కొన్ని తెలుపు, ఆ పైన అసలు రంగు. మొత్తం 25 నుంచి 30 పూతలు. బయట నిలబెట్టేవాటికి కార్ల ఎనామిల్‌ను మించింది లేదని ఆయన నమ్మకం. పూతకు పాతిక మైక్రాన్లు వేసుకున్నా ముప్పావు మిల్లీమీటరు దాకా మందం వస్తుంది. ఇవాళ్టి పరిజ్ఞానంతో ఒక్కటి మారుస్తాం. జింకు ప్రైమర్ నేరుగా ఉక్కుకు తగలాలి. జింకు ముందు తాను కరిగి ఉక్కును కాపాడేది రెండిటికీ విద్యుత్ సంబంధం ఉన్నప్పుడే. ఎపాక్సీ మీద వేస్తే అది మామూలు పూత కిందే లెక్క.

అన్ని పూతలు వేసినా తుప్పు ఎక్కడ మొదలవుతుందో చెబుతాం. పదునైన అంచుల దగ్గర. తడి రంగు ఆరేటప్పుడు అంచు నుంచి వెనక్కి లాక్కుంటుంది, అక్కడ పొర సగానికి పలచబడుతుంది. కాబట్టి అంచుల్ని రెండు మిల్లీమీటర్ల మేర గుండ్రం చేసి, స్ప్రే కొట్టే ముందే అంచులకూ అతుకులకూ బ్రష్‌తో విడిగా ఒక పూత వేయాలి. వెల్డింగ్ చిమ్మిన గుళ్లు ఉలితో తీయాలి. రెండు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పడిన సందుల్ని పూర్తిగా వెల్డింగ్‌తో మూయాలి, లేకపోతే నీళ్లు చేరి లోపలి నుంచి పొంగుతుంది. కింది పూత ఆరకముందే పైది వేస్తే థిన్నర్ లోపల చిక్కుకుని ఎండకు బొబ్బలు లేస్తాయి.

రంగు విషయంలో స్మిత్ ఎంత పట్టుదలగా ఉండేవారో చెప్పడానికి ఒక సంగతి చాలు. 1950లో చేసిన ‘17 హెచ్‌లు’ అనే శిల్పం ఎత్తు 113 సెంటీమీటర్లు. దానికి ఎర్ర రంగు ఆరు పూతలు వేశారు. చేతులు మారుతూ అమ్ముడైన క్రమంలో ఆ రంగును ఎవరో గీకించేశారు. 1960లో స్మిత్ కళా పత్రికల సంపాదకులకు ఉత్తరం రాశారు. జరిగింది విధ్వంసమనీ, ఇక అది తన శిల్పం కాదనీ, దాని విలువ 60 పౌన్ల తుక్కు ఉక్కు ధర మాత్రమేననీ ప్రకటించారు. ఆకారం చెక్కుచెదరలేదు. పోయింది రంగొక్కటే. అయినా ఆయన దృష్టిలో శిల్పం మొత్తం పోయింది.

1962లో ఇటలీలోని స్పొలేటో ఉత్సవానికి ఒకటో రెండో శిల్పాలు చేయమని ఆహ్వానం వచ్చింది. జెనోవా దగ్గర వోల్ట్రిలో మూతపడిన ఇటాల్‌సీడర్ ఉక్కు ఫ్యాక్టరీని, కొందరు పనివాళ్లను ఆయనకు అప్పగించారు. 30 రోజుల్లో 27 శిల్పాలు తయారయ్యాయి. పాత పట్టుకార్లు, రెంచీలు, చక్రాలు, ప్లేటు కోసినప్పుడు మిగిలిన వంకర ముక్కలు, అన్నీ అందులోకి వచ్చాయి. వాటిని స్పొలేటోలోని రోమన్ కాలపు రంగస్థలం మెట్ల మీద నిలబెట్టారు. మిగిలిన పనిముట్లను ఇంటికి తెప్పించుకుని ‘వోల్ట్రి బోల్టన్’ వరుస చేశారు. అంత వేగం ఎలా వచ్చిందని మీ వ్యాసకర్త ఆశ్చర్యపోయారు. మూడు పదుల ఏళ్ల చేతి అలవాటు, సిద్ధంగా ఉన్న సరుకు, పక్కన పని తెలిసిన మనుషులు ఉంటే అది సాధ్యమే.

ఇక క్యూబి. 1961 నుంచి 1965 దాకా 28 శిల్పాలు. ముందు ఖాళీ అట్టపెట్టెలు అతికించి కూర్పు చూసుకునేవారు. తర్వాత స్టెయిన్‌లెస్ షీటుతో పెట్టెలు కట్టి, వాటిని మూల మీద మూల, అంచు మీద అంచు ఆనించి వెల్డ్ చేసేవారు. దిమ్మె అనుకుంటే ఎంత తేడా వస్తుందో లెక్క చూడండి. 60 సెంటీమీటర్ల ఘనం గట్టి స్టెయిన్‌లెస్‌దైతే 1,700 కిలోలు దాటుతుంది. అదే మూడు మిల్లీమీటర్ల షీటుతో కట్టిన పెట్టె 52 కిలోలు. ఇద్దరు మనుషులు ఎత్తగలరు. పెట్టె పెట్టె మీద ఒక మూలన నిలబడి గాలిలో తేలుతున్నట్టు ఉండటానికి కారణం ఈ డొల్లతనమే.

స్టెయిన్‌లెస్ పెట్టె కట్టడం మామూలు ఉక్కు పెట్టె కట్టడం కన్నా చాలా కష్టం. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న ఈ ఉక్కు వేడిని మామూలు ఉక్కులో మూడో వంతే లాగుతుంది, వ్యాకోచం మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు. వేడి అతుకు దగ్గరే నిలిచిపోతుంది, షీటు అక్కడే ఉబ్బి, చల్లారాక ముడుచుకుని అలలు తిరుగుతుంది. మీటరు పొడవు 500 డిగ్రీలు వేడెక్కితే మామూలు ఉక్కు ఆరు మిల్లీమీటర్లు సాగుతుంది, ఇది ఎనిమిదిన్నర. పైగా గ్యాస్ కటింగ్ పనిచేయదు, క్రోమియం ఆక్సైడ్ పొర కరగక అడ్డుపడుతుంది. మూడు మిల్లీమీటర్ల షీటుకు మేం చెప్పే పద్ధతి ఇది: షీటును షియర్ (రేకులు కత్తిరించే యంత్రం) మీద కోయాలి. నాలుగైదు సెంటీమీటర్లకొక టాక్, మధ్య నుంచి చివరలకు వెళ్తూ కొట్టాలి. రెండున్నర మిల్లీమీటర్ల 308ఎల్ రకం స్టెయిన్‌లెస్ రాడ్డు, 70 ఆంపియర్ల దగ్గర. ఒక వైపు రెండంగుళాలు వేసి, ఎదురు వైపుకు వెళ్లి మరో రెండంగుళాలు. చేయి పెడితే ఓర్చుకోగలిగేంత చల్లారాకే తర్వాతి ముక్క. వెనక రాగి పట్టీ ఉంచితే వేడిని లాక్కుంటుంది.

చివరి అతుకు మూసేటప్పుడు చాలామంది తప్పు చేస్తారు. పెట్టెలోని గాలి వేడెక్కి, మూసుకుంటున్న అతుకు గుండా తన్నుకొచ్చి రంధ్రాలు చేస్తుంది. ఎంత పూడ్చినా మళ్లీ మళ్లీ పేలుతుంది. కింది వైపు కనపడని చోట నాలుగు మిల్లీమీటర్ల రంధ్రం వదిలితే గాలి పోతుంది, తర్వాత లోపల పట్టిన చెమ్మా కారిపోతుంది.

క్యూబి అసలు అందం గ్రైండింగ్‌లో ఉంది. స్మిత్ చేతి గ్రైండర్‌తో షీటు మీద సుడులు సుడులుగా, చేయి తిరిగినట్టల్లా, గీతలు పెట్టారు. ఒక్కో సుడి ఒక్కో కోణంలో వెలుగును విరజిమ్ముతుంది. మబ్బు రోజున శిల్పం మసక నీలంగా, సాయంత్రపు ఎండకు బంగారు రంగులో కనిపిస్తుంది. ఆరుబయట పెట్టాలనే ఆయన వాటిని అలా సానబెట్టారు. బోల్టన్ ల్యాండింగ్ పొలంలో వరసలుగా నిలబెట్టి చూసుకునేవారు. ఆ గీతల్ని బఫింగ్ చేసి అద్దంలా మెరిపిస్తే అవి హోటల్ లాబీలోని స్టీలు పెట్టెలైపోతాయి.

1965 ఫిబ్రవరిలో అధ్యక్షుడు జాన్సన్ ఆయన్ని జాతీయ కళామండలి సభ్యుడిగా నియమించారు. అదే ఏడు మే 23న వెర్మాంట్‌లోని బెనింగ్టన్ దగ్గర ఆయన ట్రక్కు ప్రమాదానికి గురై 59 ఏళ్లకే చనిపోయారు. క్యూబి వరుసలో ఆఖరిది క్యూబి 28. 2005లో అది వేలంలో 2.38 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. సమకాలీన కళకు అప్పటికి అదే రికార్డు.

మీ వ్యాసం వదిలేసిన భాగం ఇక్కడ మొదలవుతుంది. స్మిత్ వీలునామా అమలు బాధ్యత ముగ్గురి మీద పడింది. వారిలో ఒకరు విమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్. స్మిత్ గొప్పతనాన్ని మొదటి నుంచీ చాటిన మనిషే. కానీ రంగు వేసిన శిల్పాలు ఆయనకు నచ్చేవి కావు. పొలంలో తెల్ల పూతతో నిలిచి ఉన్న కొన్ని శిల్పాల పూత తీయించేశారు. మరికొన్ని ఎండకూ వానకూ వదిలేయడంతో రంగు పెచ్చులూడింది. 1974లో రోజలిండ్ క్రౌస్ ‘ఆర్ట్ ఇన్ అమెరికా’ పత్రికలో ఫొటోలతో సహా దీన్ని బయటపెట్టారు. తెలుపు కేవలం ప్రైమరే, శిల్పి ఇంకా రంగు నిర్ణయించలేదు కదా అని సమర్థించినవాళ్లు ఉన్నారు. ఆ వాదన మాకు ఏమాత్రం రుచించదు. పని సగంలో ఉందనుకున్నా, దాన్ని అలాగే ఉంచడం వేరు, శిల్పి ఎన్నడూ అడగని తుప్పు గోధుమ రంగులోకి మార్చడం వేరు. ‘17 హెచ్‌లు’ విషయంలో ఆయన ఉత్తరం రాసి అప్పటికి పద్నాలుగేళ్లు. ఆయన అభిప్రాయం ఏమిటో అందరికీ తెలిసిందే.

ఇదంతా తెలుగు పత్రికకు ఎందుకు రాస్తున్నామంటే, మన ఊళ్లలోనూ కూడళ్లలో, పార్కుల్లో, బీచ్ రోడ్లలో వెల్డింగ్ శిల్పాలు నిలుస్తున్నాయి. తెనాలి ఇనుప తుక్కు విగ్రహాలకు పేరు తెచ్చుకుంది. కానీ పెద్దవాళ్ల పర్యటన ఉందంటే చాలు, ఏ లోహమో చూడకుండా వెండి రంగు అల్యూమినియం పెయింటు కొట్టేసే అలవాటు చాలా చోట్ల ఉంది. స్టెయిన్‌లెస్ మీద ఆ పెయింటు పట్టదు, రెండు వానలకు పొరలుగా లేస్తుంది. దాన్ని గీకడానికి ఇనుప పీచు వాడితే ఇనుప రేణువులు గీతల్లో దిగి ఎర్రని చుక్కలు పడతాయి. అదే కారణంతో మామూలు ఇనుము మీద వాడిన గ్రైండింగ్ డిస్కును స్టెయిన్‌లెస్ మీద వాడకూడదు. అనుమానం ఉంటే తడి గుడ్డ కప్పి ఒక రాత్రి ఉంచండి, తెల్లారేసరికి చుక్కలు తేలతాయి. విశాఖ లాంటి సముద్ర తీరంలో 304 రకం చాలదు. మాలిబ్డినం ఉన్న 316 వాడాలి. గరుకు గీతల్లో ఉప్పు నిలుస్తుంది కాబట్టి క్యూబి తరహా గ్రైండింగ్ చేయించేవాళ్లు మంచినీళ్లతో తరచూ కడిగే ఏర్పాటు ముందే చూసుకోవాలి. సబ్బు నీళ్లు చాలు. బాత్‌రూమ్ యాసిడ్ దగ్గరికి రానివ్వకండి.

శిల్పం అప్పగించే రోజే శిల్పి నుంచి ఒక కాగితం తీసుకోవాలి. అందులో లోహం రకం, షీటు మందం, రాడ్డు నంబరు, ప్రైమర్ పేరు, రంగు కోడు, పూతల సంఖ్య, గ్రైండింగ్ చేసిన డిస్కు నంబరు ఉండాలి. అదే లోహం ముక్క మీద అదే పూతలు వేసి, కనీసం అరచేయంత నమూనా తయారు చేయించి ఆఫీసు లోపల చీకట్లో భద్రపరచాలి. పదేళ్ల తర్వాత రంగు వెలిసినప్పుడు అసలు రంగు ఏదో చెప్పేది ఆ ముక్కే. నాలుగు వైపుల నుంచీ, ఉదయం, సాయంత్రం ఫొటోలు తీయించాలి. మరమ్మతు చేసేవాళ్లు బతికున్న శిల్పిని అడగాలి, లేకుంటే ఆ కాగితాన్ని చూడాలి.

మీకు చివరగా ఒక మనవి. క్యూబి ఫొటో కింద ‘దిమ్మెలు’ అన్న మాటకు బదులు ‘స్టెయిన్‌లెస్ షీటుతో కట్టిన డొల్ల పెట్టెలు’ అని సవరణ వేయండి. స్మిత్ రంగు వేసిన శిల్పాన్ని మీరు నలుపు తెలుపు పేజీలో అచ్చువేశారు. 1961 నుంచి 1964 మధ్య చేసిన ‘జిగ్’ వరుసలోని ఒక శిల్పాన్నైనా ఈసారి రంగుల పేజీలో వేస్తే పాఠకులకు ఆయన చేసింది చేసినట్టు కనిపిస్తుంది.

ఇట్లు,
వెల్డింగ్, శిల్పకళ బోధకులు,
విశాఖపట్నం